షిల్లాంగ్ వెళ్తున్న రమ్యకి

చి. రమ్యకి పెదనాన్న ఆశీస్సులు.

నీకు షిల్లాంగ్ పోస్టింగ్ అని తెలిసినప్పటి నుంచి మీ అమ్మ టెన్షన్ పడుతోందట. "వాళ్ళు ఎవరితోనూ కలవరట, ఏవేవో తింటారట" అంటోంది. 1991లో నేనూ ఈ 'అట'లన్నీ మూట కట్టుకునే అక్కడ బ్యాంకు ఉద్యోగానికి వెళ్ళాను.

చేరింది డిసెంబరులో. నాలుగున్నరకే పొద్దు గూకేది, కాసేపటికి కొట్లు కట్టేసేవాళ్ళు. ఇంత బద్ధకమా అని ఇంటికి ఉత్తరం రాసేశాను. దేశమంతటికీ ఒకటే టైము కదా, దాన్ని 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి లెక్కగట్టారు. ఆ గీత పోయేది మన కాకినాడ దగ్గర్నుంచే! షిల్లాంగ్ అక్కడికి తొమ్మిది డిగ్రీలు తూర్పున ఉంది. అరగంట పైచిలుకు ముందే సూర్యుడొస్తాడు, ముందే పోతాడు. జూన్‌లో నాలుగున్నరకే తెల్లారిపోయేది. నేను ముసుగు తీసేసరికి కూరగాయలమ్మే ఆడవాళ్ళు బజారులో సగం బేరం ముగించేవాళ్ళు. నా ఉత్తరం తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గే.

పక్క సీటులో అక్కడి ఖాసీ తెగ ఆవిడ ముభావంగా ఉంటే పొగరనుకున్నాను. మనమేమో పరిచయమైన పది నిమిషాల్లో జీతం, పెళ్ళి, ఆస్తి అన్నీ అడిగేస్తాం. అది వాళ్ళకి మోటుగా తోస్తుంది. ఓ రోజు ఉండబట్టలేక ఇంటిపేరు ఎవరిదని అడిగాను. అమ్మదంది. ఇల్లు? ఆఖరి చెల్లెలిదట, అమ్మానాన్నల్ని చూసుకునేదీ ఆ పిల్లేనట. అన్నదమ్ముల మీద జాలిపడ్డాను. "మీ చెల్లెలికి మీరేమిచ్చారు?" అంది ఆవిడ, మామూలుగానే. మన రాష్ట్రంలో ఆడపిల్లకి వాటా చట్టం 1986లోనే వచ్చింది, మీ మేనత్త పెళ్ళికి ముందే. అయినా మీ నాన్నా నేనూ కాగితం మీద సంతకం పెట్టించుకుని పట్టుచీర పెట్టి పంపాం. ఆవిడకి ఏం చెప్పను? ఫైలు తిరగేస్తూ కూర్చున్నాను.

కాబట్టి నువ్వు వెళ్ళగానే ప్రశ్నలు మొదలెట్టకు. పెద్ద వయసు ఆడవాళ్ళని 'కాంగ్' అను, మగవాళ్ళని 'బాహ్' అను. ఎవరైనా మేలు చేస్తే 'ఖుబ్లేయ్' అంటే చాలు, ముఖం విప్పారుతుంది. ఎవరింటికెళ్ళినా క్వాయ్ పెడతారు. పచ్చి వక్క, తమలపాకు, సున్నం. మన తాంబూలమేలే అని మొత్తం నోట్లో వేసుకున్నానా, చెవులు వేడెక్కి ఆ చలిలో చెమటలు పట్టాయి. చిన్న ముక్క చాలు, వద్దని మాత్రం అనకు.

పంది మాంసం తినకపోతే తిననని చెప్పు, ఎవరూ ఏమీ అనుకోరు. ముక్కు మాత్రం మూసుకోకు. వాళ్ళ ఎండుచేప పచ్చడి వాసనకి నేను మొహం చిట్లించాను. మనింట్లో ఎండుచేపల పులుసు మరిగితే పక్కవాళ్ళు తలుపులేసుకోవడం మర్చిపోయినట్టున్నాను.

నిన్ను మద్రాసీ అంటారు, కోపం తెచ్చుకోకు. కాకినాడ ఎక్కడుందో చెప్పు, గడియారం కథతో సహా.

గొడుగు అక్కడే కొనుక్కో. ఇక్కడివి ఆ వానకి ఆగవు.

మీ పెదనాన్న