ఎక్స్‌ఆర్‌డీ మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే ట్యూబ్ పోయినట్టేనా?

"ఆన్ చేసిన పది నిమిషాలకే మెషిన్ ట్రిప్ అవుతోంది, ట్యూబ్ పోయిందంటున్నారు, థీసిస్ సాంపిల్స్ ఇంకా సగం ఉన్నాయి" అని ఒకరు అడిగారు. ఎక్స్‌ఆర్‌డీ అంటే సాంపిల్ మీద ఎక్స్‌రేలు వేసి దాని స్ఫటిక నిర్మాణం చూసే మెషిన్, ట్యూబ్ అంటే అందులో ఆ ఎక్స్‌రేలు పుట్టించే భాగం. ట్యూబ్ సంగతి తర్వాత. ముందు చిల్లర్ (ట్యూబ్‌కి చల్లటి నీళ్లు తిప్పే యంత్రం) మూత తీసి నీళ్లు చూడండి.

హనుమకొండలో పీహెచ్‌డీ చేసేటప్పుడు, మే నెలలో, మాకూ ఇదే జరిగింది. మా మెషిన్ 40 కిలోవోల్టులు, 30 మిల్లీఆంపియర్ల మీద నడిచేది. అంటే 1,200 వాట్లు. అందులో ఎక్స్‌రేలుగా మారేది ఒక శాతం కూడా ఉండదు, మిగతాదంతా ట్యూబ్‌లో ఎలక్ట్రాన్లు తగిలే రాగి టార్గెట్‌లో వేడే. ఆ వేడిని లాగేది నీళ్లు. ధార తగ్గిందంటే ఫ్లో స్విచ్ హైవోల్టేజ్ ఆపేస్తుంది.

రెండు రోజులు కరెంటునీ స్టెబిలైజర్‌నీ తిట్టుకున్నాం. మూడో రోజు మా అటెండరన్న మెల్లగా అన్నాడు: "డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది సార్, నేనే బోరు నీళ్లు పోసిన." ఫిల్టర్ జాలీ విప్పితే, ఇంట్లో హీటర్ రాడ్ మీద పేరుకునే తెల్లటి పొర లాంటిదే. గోరుతో గీకితే పెచ్చులుగా ఊడింది. ఆయన్ని ఏమనగలను? డిస్టిల్డ్ వాటర్ ఇండెంట్ నెల నుంచీ నా టేబుల్ మీదే పడి ఉంది.

జాలీ కడిగి, పాత నీళ్లు వదిలేసి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు తిప్పి కొత్తవి నింపాం. కొన్నాళ్లు ఆగిన ట్యూబ్‌ని ఒకేసారి 40కి తీసుకెళ్లకండి, మాన్యువల్‌లో చెప్పినట్టు మెట్టు మెట్టుగా పెంచండి.

ఫ్లో స్విచ్‌కో, తలుపు తీస్తే ఎక్స్‌రేలు ఆపేసే ఇంటర్‌లాక్‌కో వైరు ముక్క పెట్టి షార్ట్ చేస్తే నడుస్తుందని ఎవరో ఒకరు చెప్తారు. మాకూ ఒక సీనియర్ చెప్పాడు. మొదటిది చేస్తే ట్యూబ్ పోతుంది, రెండోది చేస్తే వేళ్లు కాలతాయి, అదీ ఆ క్షణంలో తెలియదు. ట్యూబ్ కిటికీని కూడా ముట్టుకోకండి, అది బెరీలియం, విషం.

నడిచాక ముందు సిలికాన్ పొడి పెట్టి చూడండి. రాగి ట్యూబ్‌తో గ్రాఫ్‌లో మొదటి పీక్ (శిఖరం) 28.44 డిగ్రీల (2θ) దగ్గర రావాలి.

ఇంజినీర్ వచ్చేదాకా ఆగలేక కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ ల్యాబ్‌కి వెళ్లేటట్టయితే, ఒకే సిరీస్‌ని సగం ఇక్కడ, సగం అక్కడ చేయకండి. పీక్ వెడల్పులో మెషిన్ వాటా కూడా ఉంటుంది, కాబట్టి ఆ వెడల్పు నుంచి లెక్కగట్టే క్రిస్టలైట్ (చిన్న స్ఫటికం) సైజులు పోల్చడానికి పనికిరావు. అయిపోయిన సాంపిల్స్ కూడా డబ్బాలో వేసుకుని వెళ్లండి, సిలికాన్ పొడితో సహా.