కణాలన్నీ ఒకేలా ఉండిపోతున్నాయా?

ప్రశ్న: డెల్టా–నాచ్ జన్యు వలయాన్ని (ఒక కణంలోని డెల్టా ప్రోటీన్ పక్క కణంలోని నాచ్ ప్రోటీన్‌ను పెంచుతుంది, ఆ నాచ్ తన కణంలో డెల్టాను తగ్గిస్తుంది) 12×12 గళ్లలో, గడికో కణం చొప్పున పెట్టి కంప్యూటర్‌లో నడిపాను. పక్క కణాలతో కలిపినా అన్నీ ఒకే విలువ దగ్గర ఆగిపోతున్నాయి. ఒకటి డెల్టా ఎక్కువగా, పక్కది తక్కువగా, చదరంగం పలకలా విడిపోవాలి కదా?

జవాబు: ముందు తొలి విలువలు చూడండి. అన్ని కణాలకూ ఒకే అంకె ఇస్తే సమీకరణాలు ఎంత సరైనవైనా అవి విడిపోవు. ఒక్కోదానికి ఒక శాతం మేర యాదృచ్ఛికంగా తేడా పెట్టండి.

అయినా కదలకపోతే హిల్ ఘాతాన్ని, అంటే సూత్రంలో ప్రోటీన్ మోతాదుపై వేసే ఘాతాన్ని, అనుమానించాలి. 1996లో కోలియర్, మెయినీ, మంక్, లూయిస్ ఇచ్చిన మోడల్‌లో పొరుగు కణాల సగటు డెల్టా (డి) నాచ్‌ను డి²/(0.01+డి²) చొప్పున పెంచుతుంది. కణం సొంత నాచ్ (ఎన్) తన డెల్టా తయారీని 1/(1+100ఎన్²)కు తగ్గిస్తుంది. రెంటిలోనూ ఘాతం 2. క్షయం రేటు రెండింటికీ 1 అనుకోండి. కణాలన్నీ సమానంగా ఉండే స్థితి డి 0.074, ఎన్ 0.354 దగ్గర వస్తుంది; అక్కడ పై రెండు సూత్రాల వక్రాల వాలుల లబ్ధం సుమారు −2.4. నాలుగు పొరుగులున్న చదరపు గళ్లలో అది −1 కంటే దిగితే చాలు, చిన్న తేడా పెరిగి పెద్దదవుతుంది. షట్కోణ గళ్లలో −2 కంటే దిగాలి, ఎందుకంటే ఒకదానికొకటి ఆనుకున్న మూడు కణాలూ మూడు జతల్లోనూ ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉండలేవు. ఘాతాలు రెండూ 1గా వదిలేస్తే లబ్ధం −1కి ఎన్నటికీ చేరదు. ఆ 0.01నీ 100నీ ఎంత తిప్పినా వృథా శ్రమే.

సగటు బదులు మొత్తం కూడితే అంచు కణాలకు సంకేతం తక్కువై, ముందుగా అవే డెల్టా ఎక్కువున్న కణాలవుతాయి. ఎదురెదురు అంచులను చుట్టి కలిపేటప్పుడు మీ 12 మంచి సంఖ్యే, సరి సంఖ్య కదా. 13 అయితే పలకలో అతుకు పడుతుంది.

ప్రశ్న: ఒకసారి కణాలన్నీ కలిసి మిణుకుమన్నాయి. జీవ గడియారమేనా?

జవాబు: కాలాన్ని ముక్కలుగా చేసి సమీకరణాలను అడుగడుగునా లెక్కించే ఆయిలర్ పద్ధతిలో కాలపు అంగ (ఒక్కో అడుగు పొడవు) 1 పెట్టి ఉంటారు. ఈ మోడల్‌లో అంత పెద్ద అంగ దొంగ ఊగిసలాట పుట్టిస్తుంది. 0.01కి తగ్గించండి, మాయమవుతుంది. అసలు ఊగిసలాటకు ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ తయారీలో పట్టే ఆలస్యాన్ని సమీకరణంలో చేర్చాలి. జీబ్రాచేప పిండంలో వెన్ను ఖండాలు సుమారు 30 నిమిషాలకొకటి ఏర్పడేది అలాంటి గడియారం వల్లే. అక్కడ నాచ్ పని పొరుగు కణాలను ఒకే లయలో ఉంచడం. ఆలస్యం ఉన్న సమీకరణానికి సున్నా క్షణం విలువ ఒక్కటే చాలదు, అంతకుముందు ఆలస్యమంత కాలపు చరిత్ర మొత్తం ఇవ్వాలి.