ఆ రెండు నిమిషాలు ఎవరి ఖాతాలో?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పర్లాకిమిడి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. గత నెల గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున జరిగిన పది కిలోమీటర్ల పరుగులో మొదటిసారి పాల్గొన్నాను. ముందు రోజే బరంపురంలో పెద్దమ్మ ఇంటికి చేరాను. పరుగు ఆరింటికైతే, అయిదింటికే ఆవిడ నన్ను కూర్చోబెట్టి రెండు గరిటెల ఉప్మా పెట్టింది. గంటలోపు ముగించాలని నా పట్టుదల. తమ్ముడి చేతి గడియారం పెట్టుకుని ప్రతి కిలోమీటరు బోర్డు దగ్గరా చూసుకున్నాను. మొదటిది 5 నిమిషాల 5 సెకన్లు, రెండోది 5:20, మూడోది 5:35. ఇక నాకు తిరుగు లేదనుకున్నాను. ఏడో బోర్డు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు బండబారాయి, కుడి డొక్కలో పోటు. రెండుసార్లు నడిచాను కూడా. ముగింపు దగ్గరి పెద్ద గడియారంలో 1:04:10 ఉంది. కాసేపటికి ఫోనుకు వచ్చిన సందేశంలో 1:02:18 ఉంది. ఫోనులోని యాప్ ఏమో నేను 10.23 కిలోమీటర్లు పరుగెత్తానంటోంది. అయిదో కిలోమీటరు దగ్గర పరిచిన చాప తొక్కినా అక్కడి సమయం నమోదే కాలేదు. నాతో వచ్చిన బాబాయి, "64 నిమిషాలని నా కళ్ళతో చూశాను, నువ్వు 62 అంటావేమిటి?" అని ఇంటికి వచ్చిన వాళ్ళందరి ముందూ ఆట పట్టిస్తున్నారు. వీటిలో నా సమయం ఏది? నేను ఎక్కడ తప్పాను?

– ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: అమ్మాయీ, ముందు బాబాయి సంగతి తేల్చుదాం. ఆయన చూసినదీ నిజమే, నువ్వు చెప్పేదీ నిజమే. పెద్ద గడియారం తుపాకి పేలగానే నడక మొదలుపెడుతుంది. నువ్వు గుంపులో వెనక ఎక్కడో నిలబడి ఉంటావు. కొత్తవాళ్ళందరూ అక్కడే నిలబడతారు. నీ ముందున్న జనమంతా కదిలి, నువ్వు గీత దగ్గరికి చేరేసరికి 1 నిమిషం 52 సెకన్లు గడిచాయి. నీ నంబరు కాగితానికి అంటించిన చిప్ లెక్క, అంటే ఫోనుకు సందేశంలో వచ్చినది, నీ పాదం గీత దాటినప్పుడు మొదలైంది. బహుమతుల వరుసకు తుపాకి సమయమే ప్రమాణం, అంతర్జాతీయ నియమం కూడా అదే. బహుమతి సంగతి ఇప్పుడు మనకెందుకు గానీ, పది కిలోమీటర్లకు నీకు పట్టిన సమయం 1:02:18. అదే డైరీలో రాసుకో.

బరంపురంలో పిల్లలకు ఆటలు నేర్పిన రోజుల్లో మాకు చిప్పులూ చాపలూ లేవు, చేతిలో స్టాప్‌వాచ్ ఒక్కటే. తుపాకి చప్పుడు విని నొక్కితే తప్పు, పొగ చూసి నొక్కాలి. వంద మీటర్ల దూరం నుంచి చప్పుడు చెవిన పడేసరికి దాదాపు 0.3 సెకను పోతుంది మరి. మొదటి స్థానానికి ముగ్గురం వాచీలు పట్టుకునేవాళ్ళం. మూడూ మూడు రకాలుగా చూపిస్తే మధ్యది తీసుకునేవాళ్ళం. ఆ మధ్య అంకె కోసం పిల్లల తండ్రులు మాతో పడిన తగాదాలు గుర్తొస్తే, మీ బాబాయి చాలా మంచివాడనిపిస్తోంది.

ఇక అయిదో కిలోమీటరు చాప. నీ ఉత్తరంలో లేని ఒక మాట అడుగుతాను. ఫోను నడుముకు కట్టుకునే సంచీలో, సరిగ్గా నంబరు కాగితం మీదుగా పెట్టుకున్నావు కదూ? కాగితం వెనక అంటించిన సన్నని పట్టీయే చిప్. దానికి సొంత బ్యాటరీ ఉండదు. చాప నుంచి వచ్చే రేడియో తరంగాల శక్తితోనే అది తన నంబరు చెబుతుంది. మధ్యలో లోహం అడ్డొస్తే, ఒంటికి తడిగా అతుక్కుపోతే, గొంతు వినిపించదు. మొదట్లో యాప్ నొక్కడానికీ, చివర్లో ఆపడానికీ ఫోను చేతిలోకి తీసి ఉంటావు, అందుకే ఆ రెండు చోట్లా పలికింది. ఈసారి కాగితాన్ని మడవకుండా నాలుగు మూలలా పిన్నులు పెట్టి రొమ్ము మీద కట్టుకో, సంచీని వీపు వైపుకు తిప్పుకో.

యాప్ చూపిన ఆ 230 మీటర్ల గురించి బెంగ వద్దు. ఉపగ్రహాల సంకేతంతో ఫోను గుర్తించే చోటు కొన్ని మీటర్లు అటూఇటూ అవుతుంది. ఆ చుక్కలన్నీ కలిపితే తిన్నని దారి కూడా పాము నడకలా కనబడి దూరం పెరుగుతుంది. పైగా నువ్వు జనాన్ని తప్పించుకుంటూ రోడ్డుకు ఆ పక్కకూ ఈ పక్కకూ వెళ్ళి ఉంటావు. పద్ధతిగా కొలిచే చోట మలుపుల్లో అతి దగ్గరి గీత మీదుగా సైకిలు చక్రంతో కొలుస్తారు. దూరం తక్కువ పడకూడదని ప్రతి వెయ్యి మీటర్లకు ఒక మీటరు అదనంగా కలుపుతారు కూడా.

ఇప్పుడు అసలు సంగతి. గంటలో పది అంటే కిలోమీటరుకు ఆరు నిమిషాలు. మొదటి మూడింటికి నీకు 18 నిమిషాలు ఉన్నాయి, నువ్వు 16లో ముగించావు. రెండు నిమిషాలు మిగిలాయని సంబరపడ్డావు. అది మిగులు కాదు తల్లీ, అప్పు. తక్కిన ఏడింటికి 42 నిమిషాలు చాలాల్సింది, నీకు 46 నిమిషాల 18 సెకన్లు పట్టింది. రెండు నిమిషాల అప్పుకు నాలుగుంబావు పైచిలుకు కట్టావు. మార్వాడీ కొట్లో కూడా ఇంత వడ్డీ ఉండదు! ఒక వేగం దాటితే ఊపిరి తెచ్చే ఆక్సిజన్ కండరాలకు చాలదు. ఆ లోటు పూడ్చుకోవడంలో కండరాల్లో ఆమ్లం పేరుకుంటుంది, అప్పుడిక వేగం తగ్గించక తప్పదు. సముద్రపు గాలిలో తేమకు చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. డొక్కలో పోటుకు గంట ముందు తిన్న ఉప్మా సాయం చేసే ఉంటుంది. పెద్దమ్మ ప్రేమను కాదనకు, ఆ ఉప్మా పరుగయ్యాక తిను. ముందు ఒక అరటిపండు చాలు.

మీ కాలేజీ మైదానంలో 400 మీటర్ల చుట్టు గీతలు ఉంటే లోపలి గీత పట్టుకుని పరుగెత్తు. గంటకు పది చొప్పున అయితే ఒక చుట్టు 2 నిమిషాల 24 సెకన్లు. నీ మొదటి కిలోమీటరు వేగంలో అదే చుట్టు 2 నిమిషాల 2 సెకన్లకు వస్తుంది. ఈ రెండు వేగాల తేడా నీ కాళ్ళకు తెలియాలి. గడియారం తీసి తమ్ముడికి ఇచ్చేయ్. వారానికి ఒక రోజు పది చుట్లు, ప్రతి చుట్టూ 2:24కి దగ్గరగా, అంచనా మీదే. మిగతా రెండు రోజులు పక్కనున్న స్నేహితురాలితో కబుర్లు చెప్పగలిగేంత మెల్లగా. రెండు కిలోమీటర్లు దాటాక ఇది మరీ నెమ్మది అనిపిస్తే, వేగం సరిగ్గా ఉన్నట్టే.

లెక్క చూడడానికి ఒకరు కావాలి కదా, బాబాయినే గేటు దగ్గర స్టాప్‌వాచ్‌తో నిలబెట్టు. చుట్టుకొక అంకె గట్టిగా చదవమను. ఆయన కళ్ళ మీద ఆయనకు నమ్మకం ఎలాగూ ఉంది.