మీటర్ చూశాకే మనిషి లోపలికి

ప్రశ్న: ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్ నడుపుతున్నాను. 18 మంది పనివాళ్లు. ‘ప్రాణం ముందు, పని తర్వాత’ అని గోడ మీద నేనే రాయించాను. పోయిన నెల 6 లక్షల ఆర్డర్‌కి గడువు ఇంకా రెండు రోజులే ఉందనగా, ట్యాంకు లోపలి గాలిని పరీక్షించే గ్యాస్ మీటర్ చెడిపోయింది. స్టీల్ ట్యాంకు లోపల ఆర్గాన్ వెల్డింగ్ మిగిలుంది. కొత్త ట్యాంకే కదా, గ్యాస్ ఎక్కడిదని సూపర్‌వైజర్ మనిషిని దింపేశాడు. చూసి కూడా ఊరుకున్నాను. ఏమీ కాలేదు గానీ, ఆ గోడ వైపు చూడలేకపోతున్నాను. ఇలాంటప్పుడు నిర్ణయం ఎలా తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కొత్త ట్యాంకయితే ప్రమాదం లేదన్నది తప్పు. వెల్డింగ్‌లో మీరు వదిలే ఆర్గాన్ వాయువే గాలి కంటే బరువు. రంగు, వాసన ఉండవు. అడుగున చేరి అక్కడి గాలిని తోసేస్తుంది. వంగి పనిచేసే వెల్డర్‌కి తేడా తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. అతన్ని పైకి తీద్దామని దిగిన హెల్పర్ కూడా అక్కడే పడిపోతాడు. ఇలాంటి ప్రమాదాల్లో కాపాడబోయినవాళ్లు పోవడం చాలాసార్లు జరిగింది.

గోడ మీద మాట మంచిదే. కానీ ఏ అంకె దగ్గర పని ఆపాలో అది చెప్పదు. గడువు మెడ మీద ఉన్నప్పుడు కూర్చుని విలువల గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఆపాల్సిన అంకెలు ముందే రాసిపెట్టుకోవాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గినా, 23.5 దాటినా దిగకూడదు. మండే వాయువు, పేలుడుకి కావాల్సిన కనీస మోతాదులో పదో వంతు దాటినా దిగకూడదు. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా మీటర్ పెట్టాలి. భోజనం చేసి మళ్లీ దిగేముందు ఇంకోసారి. పని సాగినంతసేపూ బ్లోయర్ ఆడాలి, ట్యాంకు మ్యాన్‌హోల్ దగ్గర కాపలా ఉన్న మనిషి అక్కడి నుంచి కదలకూడదు. లోపలి చేతిదీపం 24 వోల్టులు మించకూడదు. అర్హత ఉన్నవాడు స్వయంగా పరీక్షించి రాసి ఇస్తేనే, లేదా శ్వాస పరికరం పెట్టుకుని, నడుముకి కట్టిన తాడు బయట ఒకరు పట్టుకుంటేనే మనిషిని పంపాలని, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షనే చెప్పింది.

తర్వాత డబ్బు సంగతి. ఆలస్యమైతే ఎంత కోస్తారో పర్చేజ్ ఆర్డర్ తీసి చదివారా? వారానికి అర శాతం అని చాలా ఆర్డర్లలో కనిపిస్తుంది. మీదీ అదే అయితే 6 లక్షల మీద వారానికి 3,000 రూపాయలు. మీటర్ బాగయ్యేదాకా ఆగితే పోయేది అంతే. అంకె తెలియనప్పుడు భయం దానికి పదింతలు కనిపిస్తుంది. గడువు దాటాక కాకుండా, దాటుతుందని తెలిసిన రోజే ఆర్డరిచ్చిన కంపెనీకి రాసి పంపండి.

మీ వెల్డర్లకు పీసు రేటు ఇస్తుంటే ఇంకో చిక్కుంది. పని ఆపితే నష్టపోయేది వాళ్లే, కాబట్టి ఎవరూ ఆపరు. మీటర్ కోసం ఆగిన గంటలకు రోజుకూలీ లెక్కన కట్టివ్వండి. పని ఆపినందుకు సూపర్‌వైజర్‌ని ఎవరూ నిలదీయకూడదు, మీతో సహా. పొద్దున్నే షెడ్‌లోకి రాగానే మీరడిగే మొదటి ప్రశ్న ‘ఎంతవరకు వచ్చింది?’ అయితే, వాళ్లు దానికే జవాబు సిద్ధం చేసుకుంటారు. ‘రీడింగ్ ఎంత?’ అని అడగండి.

మీరు ఊరుకున్న సంగతి 18 మందికీ తెలుసు. అందరినీ పిలిచి ఆ రోజు తప్పు నాదేనని చెప్పండి. సూపర్‌వైజర్ మీదకి నెట్టకండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని. బయటి గోడల రంగుల పనికి మా బావమరిది అందరికంటే తక్కువ కొటేషన్ ఇచ్చాడు. అతనికి ఇవ్వడం తప్పా?
– ఒక పాఠకురాలు, మురళీనగర్

జవాబు: తప్పు కాదు, కానీ కొటేషన్లు విప్పకముందే చుట్టరికం కమిటీకి చెప్పి మినిట్స్‌లో రాయించి ఉండాలి. ఇప్పటికే విప్పేస్తే, సంగతి చెప్పి మళ్లీ సీల్డు కొటేషన్లు పిలవండి. ఉప్పుగాలి తగిలే మన ఊళ్లో పాత రంగు గీకడం, కడగడం, ప్రైమర్, ఎన్ని పూతలు అన్నవి రాయకుండా అడిగితే తక్కువ రేటుకి అర్థం లేదు. కొటేషన్ ఇచ్చేవాళ్లందరికీ ఇవన్నీ రాసిన ఒకే కాగితం ఇవ్వండి. ఎంపిక రోజు మీరు గదిలో ఉండకండి, బిల్లు మీద సంతకం వేరొకరితో పెట్టించండి. అయితే ఈ జాగ్రత్తలన్నీ ఎంపిక వరకే. ఆరు నెలలకే రంగు పొక్కులు లేస్తే మళ్లీ వేయమని అతనితో మీరు గట్టిగా అనగలరా? అనలేననుకుంటే ఈ పని అతనికి వద్దని ఇంట్లో ఇప్పుడే చెప్పేయండి.