గడ్డిమందు చల్లిన అడవిలో పండ్లు కోయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలో, ఒంటారియోలోని సడ్‌బరీలో చదువుకుంటున్నాడు. ఆగస్టులో స్నేహితులతో అడవికెళ్లి బ్లూబెర్రీలు కోసుకొస్తుంటాడు. ఈసారి దారి మొదట్లో గ్లైఫోసేట్ చల్లుతున్నామని బోర్డు కనిపించిందట. అక్కడి ఆదివాసులు దీన్ని వద్దంటున్నారని కూడా చెప్పాడు. అసలు అడవిలో కలుపేమిటి? ఆ పండ్లు కడుక్కుని తినొచ్చా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు పండ్ల సంగతి. ఆ దారిలో కోయవద్దని చెప్పండి. కడిగితే పైనున్నది కొంత పోతుందేమో గానీ, మొక్క పీల్చుకున్నది పోదు. మన రైతులు రౌండప్‌గా ఎరిగిన ఈ మందు ఆకులోంచి లోపలికి దిగి, వేళ్లదాకా, పెరుగుతున్న చివుళ్లదాకా పాకుతుంది. కంటితో చూసి పోల్చుకోవడమూ కష్టమే. చల్లిన వారం పది రోజులకు గానీ ఆకు పసుపెక్కదు. అప్పటిదాకా పండు నిగనిగలాడుతూనే ఉంటుంది. బోర్డు దారి మొదట్లోనే ఉంటుంది, పక్క దారిన వచ్చినవాళ్లకు కనబడదు. అందుకని ఒకే ఈడు స్ప్రూస్, పైన్ (సూదుల్లాంటి ఆకుల చెట్లు) మొక్కలు వరుసగా నాటి ఉన్న చోటైతే, ఆ ఏడాది ఎక్కడెక్కడ చల్లుతున్నారో తెలిపే పటం అటవీ శాఖను అడిగి చూశాకే కోయమనండి.

ఇక అడవిలో కలుపంటారా? అక్కడ ప్రభుత్వ అడవిని కంపెనీలు నరుకుతాయి. నరికిన చోట మళ్లీ అడవి పెంచే బాధ్యతా వాటిదే. పెంచేది ఎక్కువగా కలపకు పనికొచ్చే స్ప్రూస్, పైన్. కానీ చెట్టు కొట్టగానే ఆకు రాల్చే చెట్లయిన ఆస్పెన్ వేళ్లనుంచి, బిర్చ్ మొద్దునుంచి పిలకలు వేస్తాయి. రాస్ప్‌బెర్రీ పొదలు కమ్ముకుంటాయి. ఆ నీడలో నాటిన మొక్క ఎదగదని హెలికాప్టర్‌తో మందు కొడతారు. మోతాదు హెక్టారుకు సుమారు 2 కిలోల అసలు మందు, అంటే మన లెక్కన ఎకరాకు 800 గ్రాములు. సమయం ఆగస్టు, సెప్టెంబరు. అప్పటికి స్ప్రూస్ ఎదుగుదల ఆగి మొగ్గ ముదురుతుంది కాబట్టి తట్టుకుంటుంది. ఆకు రాల్చే చెట్లేమో అప్పుడే చలికాలానికి పిండిని వేళ్లకు దించుకుంటుంటాయి, దాంతోపాటు మందూ దిగుతుంది.

పేచీ అంతా ఇక్కడే. బ్లూబెర్రీ బాగా కాసేది ఎండ తగిలే కొత్త నరుకుల్లోనే, పండేదీ ఆ రోజుల్లోనే. మూస్ అనే పెద్ద దుప్పి మేసేది ఆ ఆస్పెన్, బిర్చ్, విల్లో లేత కొమ్మలే. మన ఏజెన్సీలో తునికి పొదలమీద మందు కొడితే ఆకు కోసేవాళ్లకు ఎంత దెబ్బో ఊహించండి. హ్యూరాన్ సరస్సు ఉత్తర తీరపు అనిషినాబే ఆదివాసీ పెద్దలు 2014లో ఒక బృందంగా ఏర్పడి ఈ పిచికారీని ఆపాలంటున్నారు. తమ భూముల్లో వేట, చేపల హక్కులను 1850 నాటి రాబిన్సన్-హ్యూరాన్ ఒప్పందం కాపాడిందని, మేతను, పండును విషం చేస్తే ఆ హక్కుకు అర్థమే లేదని వారి వాదన. కెనడా 1982 రాజ్యాంగ చట్టం 35వ సెక్షన్ ఒప్పంద హక్కులను గుర్తించింది. వాటికి భంగం కలిగించే పనికి ముందు ఆదివాసులను సంప్రదించాల్సిందేనని 2004లో హైడా అనే ఆదివాసుల కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. పత్రికలో ప్రకటన, దారిలో బోర్డు సంప్రదింపు కావు. ఈ విషయంలో పెద్దల పక్షమే న్యాయం.

కెనడా ఆరోగ్య శాఖ మాత్రం 2017లో, లేబుల్ ప్రకారం వాడితే ప్రమాదం లేదని అనుమతి కొనసాగించింది. అయితే మందు ఆ సీజన్‌తో పోతుందన్న మాట నిలవలేదు. కెనడా పడమటి రాష్ట్రం బ్రిటిష్ కొలంబియా ఉత్తర అడవుల్లో చావకుండా మిగిలిన మొక్కల వేళ్లలో 12 ఏళ్ల తర్వాత కూడా అవశేషాలు దొరికాయి. 2021లో అడవి గులాబీని పరీక్షిస్తే, మందు సోకిన మొక్కల్లో పుప్పొడి జీవశక్తి సగటున 66 శాతం పడిపోయింది, 30 శాతం పుప్పొడి తిత్తులు విచ్చుకోనేలేదు. మొక్క పచ్చగా బతికి ఉందని చూసి బాగుందనుకోలేం.

ప్రశ్న: మందు లేకుండా అంత అడవి పెంచడం సాధ్యమా? – అటవీ కళాశాల విద్యార్థి, ములుగు (సిద్దిపేట)

జవాబు: కెనడాలోనే మరో రాష్ట్రం క్యుబెక్ చేస్తోంది. 2001 నుంచి అక్కడ ప్రభుత్వ అడవుల్లో కలుపు మందులు లేవు. నరికిన వెంటనే, పిలకలు లేవకముందే, మామూలుకన్నా పెద్ద మొక్కలు నాటుతారు. తర్వాత బ్రష్‌కట్టర్లతో మనుషులే చుట్టూ తుప్ప కొడతారు. ఖర్చు, కూలీల అవసరం ఎక్కువ. తప్పు జరిగేది సమయంలో: ఆస్పెన్‌ను చలికాలంలో కొడితే వేళ్లలో నిల్వ నిండుగా ఉంటుంది, వసంతంలో పిలకలు గుంపుగా లేస్తాయి. ఆకు పూర్తిగా విచ్చుకున్నాక, ఎండాకాలం మొదట్లో కొడితే నిల్వ తక్కువగా ఉండి పిలకలు తగ్గుతాయి. నేలమట్టానికి కొట్టకుండా కింద ఒకటి రెండు పచ్చి కొమ్మలు వదలడం మేలు. ఆ కొమ్మల నుంచి దిగే హార్మోను వేరు మొగ్గలను అణచిపెడుతుంది. చిన్న మొక్కలు నాటితే తుప్పలో కనబడక బ్లేడుకు బలైపోతాయి. పెద్ద మొక్కలు నాటడానికి అదీ ఒక కారణమే.