మందు సీసా మీద వెండర్ పేరు ఉండదు

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీఫార్మసీ పూర్తిచేసింది. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ వెండర్ క్వాలిటీ విభాగంలో ఉద్యోగం ఇస్తామంటోంది. ముడిసరుకు అమ్మేవాళ్ల కాగితాలు చూసే పని అట. ఇంత చదివించింది గుమస్తా పనికా అని నా బాధ. ఎంఫార్మసీ చేసి పరిశోధన వైపు వెళ్లమంటే వినడం లేదు. ఏం చేయమంటారు? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నేను మీ అమ్మాయి పక్షమే. అయితే చేరేముందు ఆమె కంపెనీని అడిగి తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. ముందు ఆ పని ఎందుకు పుట్టిందో చూడండి.

2008 జనవరిలో అమెరికాలో బాక్స్‌టర్ కంపెనీ తన హెపారిన్ ఇంజెక్షన్లను వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. రక్తం గడ్డకట్టకుండా డయాలిసిస్‌లో, గుండె ఆపరేషన్లలో వాడే మందు అది. ఎక్కించిన కొందరికి ఉన్నట్టుండి బీపీ పడిపోయింది, ఊపిరి అందలేదు. పదుల సంఖ్యలో మరణాలకు ఈ మందుతో సంబంధం ఉండవచ్చని తేలింది. తీగ లాగితే డొంక చైనాలో కదిలింది. హెపారిన్‌ను పంది పేగుల నుంచి తీస్తారు. అంతకుముందు అక్కడ పందులకు అంటురోగం వచ్చి ముడిసరుకు ధర పెరిగింది. సరఫరా గొలుసులో ఎక్కడో ఎవరో, రసాయనికంగా మార్చిన చవక పదార్థాన్ని కలిపారు. అప్పటి మామూలు పరీక్షల్లో అది అచ్చం హెపారిన్‌లాగే కనిపించింది.

బాక్స్‌టర్‌కు సరుకు ఇచ్చింది అమెరికా కంపెనీయే. దానికి చైనాలోని చాంగ్‌జౌ ప్లాంటు, ఆ ప్లాంటుకు సరుకు పోగుచేసే వ్యాపారులు, వాళ్లకు చిన్నచిన్న కార్ఖానాలు. అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ ఆ ప్లాంటును అప్పటిదాకా తనిఖీ చేయనేలేదు. పేరు దగ్గరగా ఉన్న ఇంకో ప్లాంటు చూసి, అదే ఇది అనుకుంది! ఇంత పెద్ద గొలుసులో పేషెంట్లకు, డాక్టర్లకు గుర్తుండిపోయింది మాత్రం బాక్స్‌టర్ పేరే. కల్తీ చేసింది మేం కాదని కంపెనీ కోర్టులో వాదించుకోవచ్చు. హోటల్లో తిన్నది వికటిస్తే మనం నూనె అమ్మిన కొట్టును తిట్టం కదా, హోటల్నే తిడతాం.

ఇక మన దేశం సంగతి. గాంబియాలో పిల్లల మరణాల నేపథ్యంలో 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌లో తయారైన దగ్గుమందులపై హెచ్చరిక జారీ చేసింది. 2023 జూన్ నుంచి ఎగుమతి చేసే ప్రతి దగ్గుమందుకూ ముందుగా ల్యాబ్ పరీక్ష తప్పనిసరి అయింది. ఏ తప్పూ చేయని కంపెనీలు కూడా ఆ వరుసలో నిలబడాల్సి వచ్చింది. 2025 అక్టోబరులో, పిల్లల మరణాలతో ముడిపడిన కోల్డ్రిఫ్ దగ్గుమందులో 48.6 శాతం డైఇథిలిన్ గ్లైకాల్ అనే విష రసాయనం ఉన్నట్టు తమిళనాడు ల్యాబ్ తేల్చింది. సిరప్‌లలో వాడే ప్రొపిలిన్ గ్లైకాల్, గ్లిజరిన్ వంటి ద్రావకాల ద్వారా ఈ విషం మందులోకి చేరే ప్రమాదం పాతదే. పోయిన పిల్లల తల్లిదండ్రులకు ఆ ద్రావకం డ్రమ్ము ఎవరు అమ్మారన్నది అక్కర్లేదు.

ఆ డ్రమ్ము గేటు దాటకముందే ఆపగలిగేది మీ అమ్మాయి చేరబోయే విభాగం. డ్రమ్ముతోపాటు అనాలిసిస్ సర్టిఫికెట్, అంటే సరుకును పరీక్షించిన ఫలితాల కాగితం, వస్తుంది. అది అసలు తయారీదారు ఇచ్చిందా, మధ్యలో డీలరు తన లెటర్‌హెడ్ మీద మళ్లీ కొట్టించిందా? ఐదు బ్యాచ్‌ల సర్టిఫికెట్లు పక్కపక్కన పరిస్తే తేమ శాతం దశాంశాలతో సహా ఒకటే ఉందనుకోండి, పరీక్ష చేయకుండా పాత కాగితం నకలు తీశారేమోనని అనుమానించాలి. ఆ అనుమానం రావాలంటే కెమిస్ట్రీ తెలియాలి. గుమస్తాకు రాదు.

మీ భయంలోనూ నిజం లేకపోలేదు. కొన్ని కంపెనీల్లో ఈ విభాగం పేరుకే ఉంటుంది. వెండర్లకు ప్రశ్నావళి పంపడం, నింపి వచ్చింది ఫైలులో పెట్టడం, అంతే. అందుకే హెచ్ఆర్‌ను కాదు, తన పై అధికారి కాబోయే వ్యక్తిని అడగమనండి: ఎన్నాళ్లకు వెండర్ల ప్లాంట్లకు ఆడిట్‌కు తీసుకెళ్తారు? క్వాలిటీ విభాగం వద్దన్న వెండర్ దగ్గర కొనుగోలు విభాగం కొన్న సందర్భాలు ఉన్నాయా? రెండో ప్రశ్నకు నీళ్లు నమిలితే ఆ ఉద్యోగం వదులుకోవచ్చు, నేనేమీ అనను.

ప్రయాణాలు ఉంటాయి. పాశమైలారం, పరవాడ మాత్రమే కాదు, గుజరాత్‌లో వాపి, అంకలేశ్వర్ దాకా వెళ్లాల్సి రావచ్చు. మొదట్లో జీతం గొప్పగా ఉండదు. ఇవి ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఎంఫార్మసీ ఎక్కడికీ పోదు. ఆమెకు నిజంగా ల్యాబ్‌లో కొత్త మందుల మీద పనిచేయాలని ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఇప్పుడే చదవాలి, ఎందుకంటే పరిశోధన ఉద్యోగాలకు పీజీ, పీహెచ్‌డీ అడుగుతారు. లేదంటే రెండేళ్లు పనిచేస్తూ ఎంఫార్మసీ ప్రవేశానికి రాసే జీప్యాట్ పరీక్షకు సిద్ధమవమనండి. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్‌లో చేరాలన్నా ఆ అర్హత అవసరమే. ఇంతకీ ఆమెకు ఏది ఇష్టమో మీ ఉత్తరంలో లేదు. ముందు అది అడగండి.