యాప్ చేశాను, సార్ మెచ్చలేదు.. డిజైన్ నాకు పడదా?

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష సీడ్ రాసి ఎం.డిజైన్ చేయాలని ఉంది. హాస్టల్ మెస్‌లో అన్నం వృథా అవుతోందని, ఎవరికెంత కావాలో ముందే చెప్పే యాప్ చేశాం. రివ్యూలో సార్ ‘అసలు సమస్యనే వేరేలా చూడండి’ అన్నారు. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకండి. అన్నం ఎందుకు మిగులుతోందో తెలియకముందే మీరు యాప్ దాకా వెళ్లిపోయారు, అంతే.

సమస్యను వేరేలా చూడటమంటే ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కింగ్స్ క్రాస్ అని బార్లు, క్లబ్బుల ప్రాంతం ఉంది. రద్దీ రాత్రుల్లో 30,000 మంది దాకా కుర్రకారు చేరేవారు. తాగి గొడవలు, చిల్లర దొంగతనాలు. దాన్ని శాంతిభద్రతల సమస్యగానే చూసి పోలీసులను, గార్డులను పెంచుతూ పోయారు. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో డిజైన్ ప్రొఫెసర్ కీస్ డోర్స్ట్‌తో పనిచేసిన డిజైనర్లు, వచ్చేవాళ్లలో ఎక్కువమంది సరదా కోసం వచ్చిన మామూలు పిల్లలేనని గమనించారు. ఆ రాత్రి హాయిగా, క్షేమంగా గడవాలన్నదే అందరి కోరిక. ‘ఇదొక పెద్ద సంగీతోత్సవం అయితే నిర్వాహకులు ఏం చేస్తారు?’ అని అడిగి చూశారు. వెంటనే లోటుపాట్లు బయటపడ్డాయి. ఆఖరి రైలు ఒకటిన్నరలోపే వెళ్లిపోతోంది, ఇంటికెళ్లే దారి లేదు. కాసేపు కూర్చునే చోటు లేదు, మరుగుదొడ్లు చాలవు, దారి చెప్పేవాళ్లు లేరు. మన జాతరల్లో ప్రత్యేక బస్సుల గురించి ముందే ఆలోచిస్తాం కదా, అలాంటి ఆలోచనే ఇది.

ఇక మీ మెస్‌. వడ్డించే ఆవిడతో, వంటమాస్టర్‌తో, వార్డెన్‌తో, అన్నం వదిలేసే పిల్లలతో విడివిడిగా మాట్లాడండి. ‘వృథా ఎందుకు’ అని అడిగితే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు. ఇంట్లో ఎలా తింటారో అడగండి. ఎవరూ ఆకలితో లేవకూడదని ఆవిడ ఒకేసారి నిండుగా పెడుతుండవచ్చు. మళ్లీ క్యూలో నిలబడలేక పిల్లలూ నింపుకుంటుండవచ్చు. ఇద్దరికీ కావలసింది కడుపు నిండటమే. మన బంతి భోజనంలో ముందు కొంచెం పెట్టి, తర్వాత కొసరి కొసరి వడ్డిస్తారు. రెండో వడ్డన కంచం దగ్గరికే వస్తే? యాప్ కాదు, ఒక బకెట్, ఒక గరిటె చాలేమో. వారం రోజులు చేసి, మిగిలిన అన్నం రోజూ తూచండి.

ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్‌కు గీయడం రావాలి, రోజూ సాధన చేయండి. ఐఐటీ హైదరాబాద్ కూడా సీడ్ స్కోరుతో ఎం.డిజైన్‌లో చేర్చుకుంటుంది. పోర్ట్‌ఫోలియోలో (మీ పనుల సంకలనంలో) యాప్ స్క్రీన్లకన్నా ముందు మీ ప్రశ్న ఎలా మారిందో, ఆ తూకం లెక్కలతో సహా పెట్టండి. సర్వీస్ డిజైన్ (సేవలను రూపొందించడం), యూఎక్స్ రీసెర్చ్ (వాడేవాళ్ల అనుభవాన్ని అధ్యయనం చేయడం) ఉద్యోగాల్లో రోజూ చేసేది ఈ పనే. సార్‌ను మళ్లీ కలిసే ముందు, ఆ వడ్డించే ఆవిడ పక్కన ఒక పూట నిలబడి రండి.